ఇంట్లోనే కారు బాగుచేసుకునేవారికి అందుబాటు ధరలో ఏ స్కానర్ మంచిది?

ప్రశ్న: గోదావరి గట్టు, రాజమహేంద్రవరం

మిత్రులకు నమస్కారం. నా దగ్గర 2014లో కొన్న 1.2 లీటర్ల పెట్రోల్ చిన్న కారు ఉంది. ఇప్పటికి 92 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్గులు, ముందు బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. అంతకు మించిన పనికి మాత్రం షెడ్డుకు తీసుకువెళ్తాను.

రెండు నెలల క్రితం చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. ఊళ్లో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళితే స్కానింగ్‌కు రూ. 600 తీసుకుని, పీ0171 అనే కోడ్ వచ్చిందని, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) పోయిందని చెప్పి, రూ. 4,200కు కొత్తది వేశారు. పదకొండు రోజులకు అదే లైటు మళ్లీ వెలిగింది. మళ్లీ వెళితే మళ్లీ రూ. 600 తీసుకున్నారు, మళ్లీ అదే కోడ్ వచ్చింది, ఈసారి ఇంజెక్టర్లు మార్చాలన్నారు. ఆలోచించుకుని చెబుతానని బండి తెచ్చేసుకున్నాను. ఉదయం బండి తీసినప్పుడు ఒక నిమిషం పాటు బానెట్ కింద టిక్ టిక్ మని సన్నటి శబ్దం వస్తుందని రెండుసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ స్కానింగ్ ఏదో నేనే చేసుకుంటే బాగుంటుందని ఇప్పుడు అనిపిస్తోంది. ఆన్‌లైన్‌లో చూస్తే రూ. 400కు దొరికే బ్లూటూత్ అడాప్టర్ మొదలుకొని రూ. 40 వేల ట్యాబ్లెట్ దాకా ఉన్నాయి, అన్నింటి పెట్టె మీదా అన్ని కార్లకూ పనిచేస్తుందనే రాసి ఉంది. నేను మూడు వేల వరకు పెట్టగలను. నాది ఆండ్రాయిడ్ ఫోను, మా ఆవిడది ఐఫోను. చవక అడాప్టర్‌కూ ఖరీదైన దానికీ నిజంగా తేడా ఉందా, ఫోనుతో పనిలేకుండా చేతిలో పట్టుకునే స్కానర్ మేలా, అది చూపించే అంకెలను నాలాంటివాడు అర్థం చేసుకోగలడా అన్నవి నా సందేహాలు.

జవాబు: సెల్లార్ మెకానిక్, హైదరాబాద్

నమస్కారమండీ. నేనూ ఉద్యోగం వేరేదైనా, ఆదివారాలు అపార్టుమెంటు సెల్లార్‌లో కారు కిందనే గడిపేవాణ్ణి. గత ఆరేళ్లలో మూడు అడాప్టర్లు, ఒక హ్యాండ్‌హెల్డ్ స్కానర్ కొన్నాను. వాటిలో రెండు డబ్బు దండగ కనుక నా అనుభవం మీకు పనికిరావచ్చు.

ముందుగా మీ కారు సంగతి. మన దేశంలో కార్లకు ఓబీడీ (బండి కంప్యూటర్ లోపాలను తానే కనిపెట్టి కోడ్‌గా చూపే ఏర్పాటు) రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. మీది 2014 బండి కనుక స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో, ఉద్గారాలకు సంబంధించిన కోడ్‌లు, అంకెలు ఏ కంపెనీ పరికరానికైనా ఒకే పద్ధతిలో దొరకాలి. అంతకుముందు బండ్లలో కొన్నింటికి అదే సాకెట్ ఉన్నా, లోపల కంపెనీ సొంత భాష మాట్లాడతాయి కాబట్టి మామూలు అడాప్టర్ పెడితే కనెక్ట్ కాలేదనే చెబుతుంది. పాత బండి ఉన్నవారు పరికరం కొనే ముందు ఎవరిదైనా తెచ్చి ఒకసారి పెట్టి చూసుకోవడం మంచిది.

ఇక చవక అడాప్టర్ల కథ కొంచెం విపులంగా చెప్పాలి. వీటన్నింటికీ మూలం కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఈఎల్ఎం327 అనే చిప్పు. కారు కంప్యూటర్ మాట్లాడే రకరకాల ప్రోటోకాల్‌లను మామూలు అక్షరాల్లోకి మార్చి ఫోనుకో ల్యాప్‌టాప్‌కో అందించడం దాని పని. మొదటి వెర్షన్‌లోని ప్రోగ్రాము కాపీ కాకుండా రక్షణ పెట్టకుండానే అమ్మడంతో నకలు చేసేవారికి పండగైంది. ఆ సంస్థ 2022లో మూతపడింది కానీ నకళ్లు మాత్రం ఇప్పటికీ కుప్పలుగా వస్తున్నాయి. పెట్టె మీద వెర్షన్ 1.5 అని గొప్పగా రాసుకునేవి చాలా కనిపిస్తాయి. అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్‌ను ఎప్పుడూ విడుదలే చేయలేదు. 2.1 అని రాసి ఉన్న చవక వాటిలో చాలావరకు, ఆ వెర్షన్‌కు ఉండవలసిన ఆదేశాలు సగం ఉండవు.

నేను మొదట కొన్నది అలాంటిదే, రూ. 450. కోడ్ చదివింది, చెరిపేసింది, అంతవరకు బాగానే ఉంది. కానీ లైవ్ డేటాలో, అంటే ఇంజిన్ నడుస్తుండగా వచ్చే అంకెల్లో, నాలుగు అంకెలు ఒకేసారి పెట్టగానే సెకనుకు ఒక్క రీడింగ్ కూడా సరిగా వచ్చేది కాదు, పది నిమిషాలకోసారి కనెక్షన్ తెగిపోయేది. ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ సెకనులోపే పైకీ కిందికీ ఊగుతుంది. సెకనుకోసారి తీసిన రీడింగుల్లో ఆ ఊపు కనిపించదు కాబట్టి బాగున్న సెన్సర్ కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. అంటే చవక అడాప్టర్ అబద్ధం చెప్పదు గానీ, మీరు తప్పు నిర్ణయానికి రావడానికి కావలసినంత తక్కువ నిజం చెబుతుంది.

మీ బడ్జెట్‌కు నా సూచన వీగేట్ ఐకార్ ప్రో లాంటి అడాప్టర్, అందులోనూ బ్లూటూత్ 4.0 ఉన్న రకం. పాత తరహా బ్లూటూత్ అడాప్టర్లు ఐఫోనుతో కలవవు. ఐఫోనుకు ఈ బ్లూటూత్ 4.0 (లో ఎనర్జీ) రకమో, వైఫై రకమో కావాలి. వైఫై రకం పెడితే ఫోను అడాప్టర్ నెట్‌వర్కుకు అతుక్కుపోయి ఇంటర్నెట్ పోతుంది, అది చికాకు. నాది రూ. 2,400 పడింది. ఆండ్రాయిడ్‌లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ యాప్ వేసుకోండి. రెండోది ఐఫోనుకూ ఉంది. ఓబీడీలింక్ వారివి ఇంకా వేగంగా, నమ్మకంగా ఉంటాయి కానీ మీ బడ్జెట్ దాటిపోతాయి.

చేతిలో పట్టుకునే స్కానర్ నా దగ్గర ఒకటి ఉంది. బ్యాటరీ గొడవ లేదు, యాప్ గొడవ లేదు, పెట్టగానే చదువుతుంది. కానీ అయిదు వేల లోపు వాటిలో తెర చిన్నది, గ్రాఫ్ ఒక్కొక్క అంకెకే గీస్తుంది, చూసినదాన్ని దాచుకునే వీలు తక్కువ. మీ సమస్యకు కావలసింది గ్రాఫ్. అందుకే ఫోను వైపే మొగ్గుతున్నాను.

అంకెలు అర్థమవుతాయా అన్నారు. మీ కోడ్‌కు నిజానికి రెండు అంకెలు చాలు: షార్ట్ టర్మ్ (అప్పటికప్పటిది), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నిలిచినది) ఫ్యూయల్ ట్రిమ్. పీ0171 అంటే సెన్సర్ పోయిందని కాదు, మిశ్రమంలో పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందని. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో ట్రిమ్ చెబుతుంది. రెండూ కలిపి మైనస్ పదికీ ప్లస్ పదికీ మధ్య ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మెల్లగా నడుస్తుండగా, బాగా ఎక్కువై, 2,500 ఆర్‌పీఎంలో దిగిపోతే ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే) వైపు ఎక్కడో వ్యాక్యూమ్ గొట్టం చిట్లిందని అనుకోవచ్చు. మీ టిక్ టిక్ శబ్దం అదే అయి ఉండవచ్చు.

జవాబు: పాత స్పానర్, విజయవాడ ఆటోనగర్

పై మిత్రులు అడాప్టర్ల గురించి చెప్పినది అక్షరాలా నిజం. చివరి రెండు వాక్యాల దగ్గర మాత్రం ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను.

ఐడిలింగ్‌లో ట్రిమ్ ఎక్కువ, రేజ్ చేస్తే తక్కువ, కాబట్టి వ్యాక్యూమ్ లీకు అనే సూత్రం గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండ్లకు సరిపోతుంది. చిట్లిన గొట్టంలోంచి దూరిన గాలి ఆ సెన్సర్ కంట పడకుండా వస్తుంది కనుక కంప్యూటర్‌కు లెక్క తప్పుతుంది. మన చిన్న పెట్రోల్ బండ్లు చాలావాటిలో మాఫ్ ఉండదు, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ మాత్రమే ఉంటుంది. అక్కడ దొంగగాలి దూరినా ఒత్తిడి పెరిగినట్టు సెన్సర్‌కు తెలుస్తుంది, కంప్యూటర్ దానికి తగ్గ పెట్రోలు పోస్తుంది. దానివల్ల ఐడిలింగ్ పెరుగుతుంది గానీ ట్రిమ్ అంతగా పెరగదు. అమెరికా వీడియోలు చూసి మన కుర్రాళ్లు గంటల తరబడి గొట్టాలు తడుముతూ ఉండడానికి కారణం ఇదే. యాప్‌లో మీ బండి ఇచ్చే అంకెల జాబితా తెరిచి చూడండి. గాలి గ్రాముల్లో చూపిస్తే మాఫ్ ఉన్నట్టు, మానిఫోల్డ్ ప్రెషర్ మాత్రమే కనిపిస్తే లేనట్టు.

మ్యాప్ బండిలో పీ0171 వస్తే నేను చూసే వరుస వేరు. ట్రిమ్ వేగంతో, లోడుతో పాటు పెరుగుతూ పోతే పెట్రోల్ పంపు ఒత్తిడి చాలడం లేదేమో చూస్తాను. ఎక్కడ చూసినా ఒకేలా ఎక్కువగా ఉంటే ఇంజెక్టర్లు పూడుకున్నాయేమో, మ్యాప్ సెన్సరే తప్పు చెబుతోందేమో చూస్తాను. ఐడిలింగ్‌లోనే ఎక్కువగా ఉంటే మొదట ఎగ్జాస్ట్ చూస్తాను. ఎగ్జాస్ట్‌లో పొగ ధారలా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య లోపల ఒత్తిడి పడిపోయినప్పుడు, ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఎక్కడైనా సందు ఉంటే బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి సెన్సర్ పెట్రోలు తక్కువైందని నిజాయితీగా చెబుతుంది. ఇంజిన్ వేగం పెరిగితే పొగ నిండుగా వస్తుంది కాబట్టి ఆ పీల్పు తగ్గుతుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కి ఇనుము సాగాక శబ్దం మాయం అని మీరు రాసింది చదవగానే నాకు తోచింది అదే. చూడకుండా తేల్చి చెప్పను.

పాత సెన్సర్ పారేయకుండా ఉంచుకున్నారా? బండి వేడెక్కాక మొదటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ గ్రాఫ్ పెట్టి ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వదలండి. తొక్కినప్పుడు 0.8 వోల్టులు దాటి, వదిలినప్పుడు సున్నా దగ్గరకు టక్కున పడిపోతే ఆ సెన్సర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. రెండు నిమిషాల ఈ పరీక్ష చేసి ఉంటే మీ రూ. 4,200 మిగిలేవి. మా వృత్తిలో కోడ్ పేరు చూసి పార్టు మార్చేవాళ్లు లేరంటే అబద్ధమే అవుతుంది. నేనూ కొత్తలో అలా మార్చినవాడినే.

ఇంకొకటి, ఇది అన్నింటికంటే ముఖ్యం. పరికరం రాగానే ఉత్సాహంతో కోడ్ చెరిపేయకండి. లైటు వెలిగిన క్షణంలో ఆర్‌పీఎం ఎంత, వేడి ఎంత, బండి కదులుతోందా ఆగి ఉందా అన్నది కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచి ఉంచుతుంది. చెరిపితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. ముందు దాన్ని ఫొటో తీసుకోండి.

ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లకు ఈ మూడు వేల అడాప్టర్‌ను నమ్ముకోవద్దు. అవి ఓబీడీ నియమం కిందికి రావు, ఒక్కో కంపెనీ ఒక్కో దారి పెట్టుకుంది. కొన్ని బ్రాండ్లకు మంచి దారులున్నాయి: ఫోర్డ్ బండి ఉన్నవారు ల్యాప్‌టాప్‌లో ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే షోరూమ్‌లో చేసే పని చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. కంపెనీ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించాక ఆ బండ్లవారికి అది చాలా అక్కరకు వస్తోంది. ఫోక్స్‌వాగన్, స్కోడా వారికి అలాంటిదే వీసీడీఎస్ ఉంది, అది ఖరీదెక్కువ. బీఎస్ 6 డీజిల్ బండ్ల డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) శుభ్రం చేయించడం లాంటివి కావాలంటే ఆటెల్, లాంచ్ వంటి పెద్ద స్కానర్లు కావాలి. దానికి షెడ్డుకే వెళ్లండి, ఏడాదికోసారి వచ్చే పనికి ఇంట్లో నలభై వేల ట్యాబ్లెట్ ఎందుకు?

జవాబు: రెండు గోళ్ల దూరం, డాలస్

ఇక్కడి అనుభవం ఒకటి చెబుతాను, చెరిపివేత గురించి పెద్దవారు చెప్పినదానికి తోడుగా. అమెరికాలో 1996 నుంచి అమ్మిన కార్లన్నింటికీ ఓబీడీ రెండో దశ ఉంది. ఆటోజోన్ లాంటి విడిభాగాల దుకాణానికి వెళితే కోడ్ ఉచితంగానే చదివి చెబుతారు కాబట్టి, కోడ్ చదవడానికే అయితే ఇక్కడ పరికరం కొనే పని లేదు.

మూడేళ్ల క్రితం నా పాత సెడాన్‌కు పీ0420 (పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్) వచ్చింది. ఎమిషన్స్ పరీక్ష గడువు దగ్గర పడింది. అడాప్టర్‌తో కోడ్ చెరిపేసి, లైటు ఆరిపోయిందని సంబరపడి, మర్నాడే పరీక్షకు వెళ్లాను. పరీక్ష చేసే యంత్రాన్ని సాకెట్‌కు తగిలించగానే తిప్పి పంపేశారు. కోడ్ చెరిపితే కారు తనను తాను పరీక్షించుకున్న ఫలితాలూ చెరిగిపోతాయి, వాటినే రెడీనెస్ మానిటర్లు అంటారు. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లలో ఒకటి మించి పూర్తికాకుండా ఉంటే పరీక్ష దాటరు. వారం రోజులు హైవే మీదా ఊళ్లోనూ తిప్పాక మానిటర్లు నిండాయి, వాటితో పాటే పీ0420 కూడా తిరిగివచ్చింది.

మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగను కొలుస్తారు గానీ సాకెట్‌కు ఏమీ తగిలించరు కనుక మీకు ఈ బాధ లేదు. అయినా వాడిన కారు కొనడానికి వెళ్లినప్పుడు ఈ మానిటర్ల పేజీ తప్పక చూడండి. కోడ్‌లు ఏవీ లేవు, మానిటర్లు మాత్రం సగానికి సగం ఖాళీగా ఉన్నాయంటే, మీరు వచ్చే ముందు ఎవరో చెరిపేశారని గానీ, బ్యాటరీ విప్పి పెట్టారని గానీ అనుమానించాలి. కిందటి సంవత్సరం మా తమ్ముడు వరంగల్‌లో ఒక వాడిన కారు చూడబోతే వీడియో కాల్‌లో ఈ పేజీయే చూపించమన్నాను. ఆ బేరం వదిలేశాడు.

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. పదహారు రోజుల తర్వాత రాస్తున్నాను. సెల్లార్ మెకానిక్ గారు చెప్పిన అడాప్టరే తెప్పించాను, రూ. 2,350 పడింది. నా ఫోనులోనూ ఐఫోనులోనూ కలిసింది.

ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ ఫొటో తీశాను. ఇంజిన్ వేడి 88 డిగ్రీలు, ఆర్‌పీఎం 780, వేగం సున్నా, లాంగ్ టర్మ్ ట్రిమ్ 25 శాతం. అంటే సిగ్నల్ దగ్గరో, రైల్వే గేటు దగ్గరో ఆగి ఉన్నప్పుడు లైటు వెలిగిందన్నమాట. జాబితాలో గాలి గ్రాముల అంకె లేదు, మానిఫోల్డ్ ప్రెషర్ ఉంది. పాత స్పానర్ గారు ఊహించినట్టే నాది మ్యాప్ బండి. ఐడిలింగ్‌లో లాంగ్ టర్మ్ ట్రిమ్ 19, అదే 2,500 ఆర్‌పీఎంలో పట్టి ఉంచితే 6. సెన్సర్ పరీక్ష చేస్తే తొక్కినప్పుడు 0.86, వదలగానే 0.04. కొత్తది కనుక బాగుండక ఏమవుతుంది అనుకుని, పాత సెన్సర్‌ను డిక్కీలోంచి తీసి, ఒక రాత్రంతా తుప్పు వదిలించే నూనె పోసి నానబెట్టిన మరతో కుస్తీ పట్టి, మళ్లీ బిగించి అదే పరీక్ష చేశాను. 0.84, 0.05. అది నిక్షేపంలా ఉంది.

తరువాతి ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగానే హీట్ షీల్డు విప్పి టార్చి వేసి చూశాను. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపే గొట్టం) ఇంజిన్ హెడ్‌కు అతికే చోట, మూడో సిలిండర్ పక్కన, విసనకర్ర ఆకారంలో నల్లటి మసి మరక ఉంది. దాని కింది నట్టు వేలితో తిప్పితే తిరిగింది. స్టార్ట్ చేసి సన్నటి రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర, రెండో కొన ఆ మరక దగ్గర పెట్టి విన్నాను. టిక్ టిక్ అక్కడే.

మానిఫోల్డ్ విప్పడం నాకు భయమేసింది, దాన్ని ఇంజిన్‌కు బిగించే స్టడ్ (మర కడ్డీ) విరిగితే అసలుకే మోసం వస్తుంది. అందుకని నాకు తెలిసిన వేరే మేస్త్రీ దగ్గరకు వెళ్లి, మరక చూపించి, అక్కడి గ్యాస్కెట్ (అతుకులో సందు లేకుండా వేసే పలక) మాత్రం మార్చమని అడిగాను. గ్యాస్కెట్ రూ. 280, కూలి రూ. 900. ఆ తర్వాతే కోడ్ చెరిపాను. నాలుగు రోజులు తిప్పాక ఐడిలింగ్‌లో ట్రిమ్ 4 దగ్గర నిలబడింది, లైటు రాలేదు, ఉదయపు శబ్దమూ లేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. అడాప్టర్‌ను సాకెట్‌లోనే వదిలేయవచ్చా?

జవాబు: పాత స్పానర్, విజయవాడ ఆటోనగర్

స్టడ్ జోలికి వెళ్లకుండా మంచి పని చేశారు. అడాప్టర్ వదిలేయకండి. ఆ సాకెట్‌లోని పదహారో పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. రోజూ తిరిగే బండికి ఫరవాలేదు గానీ రెండు మూడు వారాలు ఊరెళ్లి వస్తే బ్యాటరీ దిగిపోయి ఉండవచ్చు. పైగా మీ కాలు తగిలితే సాకెట్ పిన్నులు వంగుతాయి. పని అయ్యాక తీసి డ్యాష్‌బోర్డు పెట్టెలో పెట్టుకోండి. కొత్త సెన్సర్‌నే బండిలో ఉంచి, ఆ పాతదాన్ని గుడ్డలో చుట్టి దాచండి, ఎప్పుడైనా స్పేరుగా పనికి వస్తుంది.